మోకాళ్లకు పీఆర్‌పీ, స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు: వేయించుకున్నవాళ్లలో నేను చూసింది

మీరు అడిగింది ఇది. కావలిలో ఉండే మీ అమ్మగారికి 58 ఏళ్లు. రెండు మోకాళ్లూ నొప్పి, కుడివైపు ఎక్కువ. ఎక్స్‌రే చూసి గ్రేడ్ 3 అరుగుదల (గ్రేడ్ 4 అంటే ఆఖరి దశ) అన్నారు. నెల్లూరులో ఒక డాక్టరుగారు మన రక్తం నుంచే తయారుచేసే పీఆర్‌పీ ఇంజెక్షన్లు మూడు వేద్దామన్నారు. చెన్నైలో ఒక క్లినిక్‌వాళ్లు స్టెమ్ సెల్స్ (వేరే కణాలుగా మారగల మూల కణాలు) వేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుంది, ఆపరేషన్ తప్పిపోతుంది అని లక్షల్లో ప్యాకేజీ చెప్పారు. పక్కింటావిడకు పీఆర్‌పీతో బాగా తగ్గిందట. వేయించుకున్నవాళ్ల అనుభవం ఎలా ఉంది, మేం ఏం చెయ్యాలి అన్నారు.

నేను ఒంగోలులో ఫిజియోథెరపిస్టుని. ఇంజెక్షన్ వేసేది డాక్టర్లు, నేను కాదు. కానీ వేయించుకోబోయే ముందు వ్యాయామాల కోసం వచ్చేవాళ్లనీ, వేయించుకున్న వారానికి కాలు ఈడ్చుకుంటూ వచ్చేవాళ్లనీ, ఏడాది గడిచాక మళ్లీ నొప్పి మొదలై వచ్చేవాళ్లనీ చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే: పీఆర్‌పీ అరిగిన గుజ్జును మళ్లీ పెంచదు. కొంతమందికి నొప్పి తగ్గిస్తుంది. తగ్గినవాళ్లలో ఆ హాయి ఎక్కువగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉండడం చూశాను. కొంతమందికి అసలు తేడా ఉండదు. మీ అమ్మగారు ఇంతవరకు ఒక పద్ధతి ప్రకారం మూడు నెలలు తొడ కండరాల వ్యాయామం చెయ్యకపోయి ఉంటే ముందు అది చేయించండి. అప్పటికీ తగ్గకపోతే, డబ్బు ఇబ్బంది లేకపోతే పీఆర్‌పీ ఆలోచించవచ్చు. చెన్నై ప్యాకేజీకి మాత్రం అప్పు చెయ్యకండి, బంగారం తాకట్టు పెట్టకండి.

ఇక వివరంగా.

పీఆర్‌పీ అంటే మన రక్తమే. చేతి నుంచి కొంత రక్తం తీసి, ఒక మెషీన్లో గిర్రున తిప్పుతారు. ఎర్ర కణాలు అడుక్కి పోతాయి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న పసుప్పచ్చని ద్రవం పైన తేలుతుంది. ఆ ద్రవం కొన్ని మిల్లీలీటర్లు మోకాలి కీలు లోపలికి ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లలో ఉండే ప్రోటీన్లు కీలు లోపలి వాపును తగ్గిస్తాయని ఆశ. ఈ మధ్య జీఎఫ్‌సీ అని ఇంకో పేరు కూడా వినిపిస్తోంది, అది కూడా మన రక్తం నుంచి తీసేదే. గుజ్జు పెరుగుతుందన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. కీలులోని గుజ్జుకు రక్తనాళాలు ఉండవు, కణాలు కూడా చాలా తక్కువ. చర్మం మీద దెబ్బ మానినట్టు అది మానదు. అరిగిన చోట మళ్లీ పాత గుజ్జులాంటిది పరుచుకునేలా చేసే ఇంజెక్షన్ ఇప్పటిదాకా ఏదీ రాలేదు.

"మేడం, సూదేసుకుంటే గుజ్జు మళ్లా వస్తాదంట గదా?" అని నన్ను అడగని పేషెంటు అరుదు. రాదమ్మా, నొప్పి తగ్గే అవకాశం మాత్రం ఉంది అంటాను. వాళ్ల ముఖంలో కాస్త నిరుత్సాహం కనిపిస్తుంది, కానీ ఈ మాట ముందే విన్నవాళ్లు తర్వాత మోసపోయామని బాధపడరు.

వేయించుకున్నాక రోజులు ఎలా గడుస్తాయి

మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరుగుతుంది. చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఇంజెక్షన్ వేయించుకున్న రాత్రి కాలు మడవలేక, బాత్రూమ్‌కి వెళ్లలేక, ఉన్న నొప్పి కాస్తా రెట్టింపైందని ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. కీలు బిగుసుకుంటుంది, కొద్దిగా ఉబ్బుతుంది. ఎక్కువమందికి వారంలోపు సర్దుకుంటుంది. ఐసు పెట్టుకోవచ్చు, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకోవచ్చు.

ఇక్కడే మన ఊళ్లలో ఒక పెద్ద చిక్కు ఉంది. నొప్పి ఎక్కువ కాగానే మెడికల్ షాపుకి మనిషిని పంపించి "నొప్పి బిళ్ల" తెప్పించుకుంటారు. అందులో ఎక్కువగా డైక్లోఫెనాక్ గానీ ఎసిక్లోఫెనాక్ గానీ ఉంటుంది. ఆ మందులు ప్లేట్‌లెట్ల పనినే అడ్డుకుంటాయి. అందుకే పీఆర్‌పీకి ముందు వారం రోజులు, తర్వాత కొన్ని వారాలు వాటిని ఆపమంటారు. వేలకు వేలు పోసి ఇంజెక్షన్ వేయించుకుని, పదిహేను రూపాయల బిళ్లతో దాన్ని పాడుచేసుకున్నట్టు అవుతుంది. పారాసెటమాల్ అని రాసి ఉన్నా దానితో పాటు ఎసిక్లోఫెనాక్ కలిపిన బిళ్లలు కూడా ఉంటాయి. స్ట్రిప్ మీద మందు పేర్లన్నీ చదవండి. గుండెకో, పక్షవాతానికో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు. ఆ మందు రాసిన డాక్టరుని అడిగాకే.

రెండో వారం, మూడో వారం దాకా ఏమీ తెలియదు. తగ్గేవాళ్లకు మూడు నుంచి ఆరు వారాల మధ్య తేడా తెలుస్తుంది. పొద్దున్నే లేచినప్పుడు బిగుతు తగ్గుతుంది, మెట్లు దిగేటప్పుడు చెయ్యి గోడకు పోదు, రాత్రి పక్క మీద కాలు తిప్పుకోగలుగుతారు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా బాగుంటుంది. ఆ తర్వాత కొందరికి మెల్లగా పాత నొప్పి తిరిగి వస్తుంది, కొందరికి ఏడాది దాటినా రాదు. రెండు నెలలు గడిచినా ఏ మార్పూ లేదంటే ఆ మోకాలికి ఇది పని చెయ్యలేదనే అనుకోవాలి. "ఇంకో డోసు వేస్తే పని చేస్తుంది" అన్న మాటకు అప్పుడు తొందరపడి ఒప్పుకోకండి.

నేను చూసినవాళ్లలో బాగా తగ్గినవాళ్ల గురించి చెబుతాను. టంగుటూరు వైపు నుంచి ఒకావిడ వచ్చేది, నలభై ఏడేళ్లు, పొగాకు గ్రేడింగ్ పని. రోజంతా నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చోవాలి. ఎక్స్‌రేలో గ్రేడ్ 2. పీఆర్‌పీ వేయించుకుంది. మొదటి వారం తిట్టుకుంది, నెలకల్లా నవ్వుతూ వచ్చింది. అక్కడితో ఆగకుండా వ్యాయామాలు నేర్చుకుంది. గ్రేడింగ్ దగ్గర మేస్త్రీతో మాట్లాడి ఎత్తు పీట మీద కూర్చుని పని చేసే ఏర్పాటు చేసుకుంది. తర్వాతి సీజన్ కూడా పనికి వెళ్లింది. ఆమెకు తగ్గింది ఇంజెక్షన్ వల్లనా, పీట వల్లనా, కండరం గట్టిపడడం వల్లనా అంటే విడదీసి చెప్పడం కుదరదు. మూడూ కలిసి పనిచేశాయనే నా నమ్మకం.

తగ్గనివాళ్లూ ఉన్నారు. కందుకూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు. రెండు కాళ్లూ దొడ్డికాళ్లయ్యాయి, నిలబడితే మోకాళ్ల మధ్య బెత్తెడు సందు. గ్రేడ్ 4. ఎముక ఎముకకు రాసుకుంటోంది. ఆపరేషన్ అంటే భయం కొద్దీ పీఆర్‌పీ మూడూ వేయించుకున్నారు. మొదటి నెల కొంచెం బాగుందన్నారు. తర్వాత అంతే. చివరికి మోకీలు మార్పిడి చేయించుకుని, ఇప్పుడు రోజూ పొద్దున్నే నడకకు వెళ్తున్నారు. ఆయన బాధ ఒక్కటే: కాలు అంత వంగిపోయాక ఇంజెక్షన్ పని చెయ్యడం కష్టమని మొదటే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే ఆ ఏడాదంతా మంచం మీద పోయేది కాదు కదా అని.

పరిశోధనలు ఏమంటున్నాయి

పేషెంట్ల మాటలు ఎంత నిజమైనా, వాటి మీదే ఆధారపడితే ఒక ప్రమాదం ఉంది. మోకాలి నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, పెరుగుతుంది, తగ్గుతుంది. మనం డాక్టరు దగ్గరికి వెళ్లేది బాగా పెరిగినప్పుడు. ఆ తర్వాత ఏం చేసినా, ఏం చెయ్యకపోయినా కొంత తగ్గుతుంది. పైగా పెద్ద డాక్టరు, ఖరీదైన ఇంజెక్షన్, కొడుకు సెలవు పెట్టి వెంట రావడం, ఇవన్నీ మనిషికి ధైర్యం ఇస్తాయి, నొప్పి నిజంగానే తగ్గినట్టు ఉంటుంది.

అందుకే ఆస్ట్రేలియాలో ఒక అధ్యయనం చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. 50 ఏళ్లు దాటి, మోకాలి అరుగుదల ఓ మోస్తరుగా ఉన్న 288 మందిని తీసుకున్నారు. సగం మందికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్‌పీ ఇంజెక్షన్లు, మిగతా సగం మందికి అదే పద్ధతిలో ఉత్త ఉప్పునీళ్ల ఇంజెక్షన్లు. ఎవరికి ఏది పడిందో పేషెంటుకీ తెలియదు, వేసే డాక్టరుకీ తెలియదు. ఏడాది తర్వాత చూస్తే పదికి లెక్కేసిన నొప్పి పీఆర్‌పీవాళ్లకు 2.1 తగ్గింది, ఉప్పునీళ్లవాళ్లకు 1.8 తగ్గింది. అంత చిన్న తేడాని లెక్కలోకి తీసుకోలేం. ఎమ్మారైలో కొలిస్తే గుజ్జు పీఆర్‌పీవాళ్లలో 1.4 శాతం, రెండో గుంపులో 1.2 శాతం తగ్గింది. అంటే ఎవరికీ పెరగలేదు.

ఇందులో గమనించాల్సింది రెండు. ఒకటి, గుజ్జు పెరుగుతుందన్న ఆశకు ఇక్కడ ఆధారం దొరకలేదు. రెండోది, రెండు గుంపులకూ నొప్పి తగ్గింది. మీ పక్కింటావిడ అబద్ధం చెప్పలేదు, ఆమెకు నిజంగానే తగ్గింది. కానీ ఎందుకు తగ్గిందో ఆమెకూ తెలియదు, మనకూ తెలియదు.

రెండో వైపు వాదన కూడా చెప్పాలి. ఆ అధ్యయనంలో వాడిన పీఆర్‌పీలో ప్లేట్‌లెట్ల మోతాదు తక్కువని కొందరు నిపుణులు ఆక్షేపించారు. కీలు సాఫీగా కదలడానికి లోపలికి ఎక్కించే జెల్ ఇంజెక్షన్లతో పోల్చిన కొన్ని చిన్న అధ్యయనాల్లో ఆరు నెలలకు, ఏడాదికి పీఆర్‌పీయే మెరుగని వచ్చింది. పీఆర్‌పీ తయారీ కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఎంత రక్తం తీశారు, ఎన్నిసార్లు తిప్పారు, తెల్లకణాలు ఉంచారా తీసేశారా అన్నది ఒక్కొక్క చోట ఒక్కోరకం. అందుకే "పీఆర్‌పీ వేయించుకున్నాను" అని ఇద్దరు చెప్పినా ఇద్దరికీ పడింది ఒకే మందు అని చెప్పలేం. అమెరికాలో కీళ్ల వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకు పీఆర్‌పీ, స్టెమ్ సెల్ రెండూ వద్దని గట్టిగానే చెప్పింది. వ్యాయామం, బరువు తగ్గడం, చేతికర్ర, మోకాలి పట్టీ, నొప్పి చోట రాసుకునే జెల్ వాడమని చెప్పింది. నేను మాత్రం పీఆర్‌పీని పూర్తిగా కొట్టెయ్యను. సరైన పేషెంటుకి, సరైన అంచనాతో, మిగతా చికిత్సతో కలిపి వేస్తే మేలు పొందినవాళ్లని చూశాను కాబట్టి.

స్టెమ్ సెల్స్ గురించి మాత్రం జాగ్రత్తగా వినండి

ఇది చెప్పేటప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. నెల్లూరు వైపు రైస్ మిల్లులో పనిచేసే ఒకాయన ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి ఒక పెద్ద ఊళ్లో ఈ వైద్యం చేయించుకున్నాడు. తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, దాన్ని తిప్పి, మోకాలికి ఎక్కించారు. "గుజ్జు పెరిగి ఎక్స్‌రేలో కనిపిస్తుంది" అని చెప్పారట. ఏడాది తర్వాత తీసిన ఎక్స్‌రే పాతదాని పక్కన పెట్టి చూస్తే ఎముకల మధ్య సందు పెరగలేదు. నడకలో నొప్పి కొంచెం తగ్గిందన్నాడు, అంతే. వడ్డీ మాత్రం ఇంకా కడుతున్నాడు.

2023లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 475 మంది. కొందరికి సొంత ఎముక మజ్జ, కొందరికి సొంత కొవ్వు నుంచి తీసిన కణాలు, కొందరికి బొడ్డుతాడు కణాలు, మిగతావాళ్లకు మామూలు స్టీరాయిడ్ ఇంజెక్షన్. ఏడాది తర్వాత ఆ మూడు ఖరీదైన వైద్యాల్లో ఏదీ స్టీరాయిడ్ కన్నా మెరుగని తేలలేదు.

మన దేశంలో నియమాలు కూడా తెలుసుకోండి. రక్త సంబంధ జబ్బులకు చేసే మజ్జ మార్పిడిలాంటివి తప్ప, మిగతా జబ్బులకు స్టెమ్ సెల్స్ వాడకం అనుమతి పొందిన పరిశోధనల్లోనే ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధనలో చేరినవాళ్ల దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఆ తర్వాత 2022లో మాత్రం బెంగళూరులోని స్టెంప్యూటిక్స్ సంస్థ దాతల ఎముక మజ్జ నుంచి తయారుచేసిన ఒక మందుకు గ్రేడ్ 2, గ్రేడ్ 3 మోకాలి అరుగుదల కోసం కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు అనుమతి ఇచ్చారు. కాబట్టి చెన్నైవాళ్లని ఈ ప్రశ్న అడగండి: మీరు వేసేది ఆ అనుమతి ఉన్న మందేనా, లేక మా అమ్మ కొవ్వో మజ్జో తీసి మీరే తయారుచేస్తారా? రెండోదైతే ఏ అనుమతితో చేస్తున్నారో కాగితం చూపించమనండి. మాట దాటేస్తే మీకు జవాబు దొరికినట్టే. అనుమతి ఉన్న మందైనా సరే, ఆపరేషన్ తప్పుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. పేషెంట్ల వీడియోలు రుజువు కావు. ఇంజెక్షన్ వేసిన నెలకే తీసిన వీడియోలు అసలే కావు.

ఎవరికి పని చేసే అవకాశం ఎక్కువ

గ్రేడ్ 2, లేదా గ్రేడ్ 3 మొదట్లో ఉన్నవాళ్లు. కాలు తిన్నగా ఉన్నవాళ్లు, మోకాలు పూర్తిగా చాపగలిగేవాళ్లు. బరువు మరీ ఎక్కువ లేనివాళ్లు. గ్రేడ్ 4కి, దొడ్డికాళ్లకి ఇది డబ్బు దండగ అనే నా అభిప్రాయం. మీ అమ్మగారిది గ్రేడ్ 3 అన్నారు కాబట్టి మధ్యలో ఉన్నారు. ఆ ఎక్స్‌రే నిలబెట్టి తీసిందేనా అన్నది ముందు చూడండి. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు నిజంగా ఎంతుందో తెలియదు. గ్రేడు తక్కువగా కనిపిస్తుంది.

ఎక్స్‌రేలో ఉన్న అరుగుదలకీ మనిషి పడే నొప్పికీ లెక్క కుదరదని కూడా తెలుసుకోండి. గ్రేడ్ 3తో పొలంలో నాట్లు వేసేవాళ్లున్నారు, గ్రేడ్ 1తో మెట్టు దిగలేనివాళ్లున్నారు. ఎమ్మారైలో మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) చిరిగిందని రాగానే టెన్షన్ పడిపోతారు. యాభై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేనివాళ్లకి కూడా అది కనిపిస్తుంది.

షుగరు అదుపులో లేనివాళ్లు ముందు అది అదుపు చేసుకోవాలి. కీలులోకి సూది వెళ్తోంది, ఇన్ఫెక్షన్ అంటే చిన్న విషయం కాదు. ఒంట్లో ఎక్కడైనా చీము గడ్డ, జ్వరం ఉంటే వాయిదా వెయ్యాలి. ఈ మధ్యే డెంగీ వచ్చి తగ్గినవాళ్లు ప్లేట్‌లెట్ల లెక్క మళ్లీ మామూలుకి వచ్చిందని చూసుకున్నాకే వెళ్లాలి. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లు, క్యాన్సర్ వైద్యంలో ఉన్నవాళ్లు ఆ విషయం ముందే డాక్టరుకి చెప్పాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకో మాట చెప్పాలి. కనిగిరి, పొదిలి, దర్శి, ఉదయగిరి వైపు నుంచి మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లలో కొందరిది మామూలు అరుగుదల కాదు, ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు. మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక రైతుకి మోకాలికి ఇంజెక్షన్లు పడ్డాయి, గుండు సూదంత ఫలితం లేదు. ఆయన మెడ తిప్పలేడు, నడుము వంచలేడు, కింద కూర్చుని లేవలేడు. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. ముంజేతి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల మధ్య పొరకు సున్నం పట్టి ఉంది, ఫ్లోరోసిస్‌కి అదొక గుర్తు. ఎముకలు, వాటిని పట్టుకునే కండరాల కొసలు గట్టిపడిపోయిన మనిషికి కీలులో ప్లేట్‌లెట్లు ఏం చేస్తాయి? మీ అమ్మగారి పుట్టిల్లు ఆ వైపు అయితే, చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగి ఉంటే, మెడా నడుమూ కూడా బిగుసుకుని ఉంటే డాక్టరుకి ఆ సంగతి తప్పకుండా చెప్పండి. తాగే నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

నడుము నుంచి కాలికి లాగే నొప్పి, తుంటి కీలు అరిగి మోకాలి దగ్గర తెలిసే నొప్పి కూడా ఉంటాయి. వాటికి మోకాల్లో ఎన్ని సూదులు వేసినా లాభం లేదు.

ఇంజెక్షన్‌కి ముందు ఆ మూడు నెలల్లో ఏం చెయ్యాలి

ఇది నా పని కాబట్టి గొప్పగా చెబుతున్నానని అనుకోకండి. 2020లో అమెరికాలో 156 మంది మీద చేసిన అధ్యయనంలో స్టీరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లకన్నా ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లు ఏడాది తర్వాత నొప్పిలోనూ, పనులు చేసుకోవడంలోనూ మెరుగ్గా ఉన్నారు. స్టీరాయిడ్ ఒకటి రెండుసార్లు, బాగా వాచి నీరు పట్టినప్పుడు ఉపయోగపడుతుంది. కానీ మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు వేస్తే గుజ్జు ఇంకా ఎక్కువ అరిగిందని, నొప్పి విషయంలో ఉప్పునీళ్లకన్నా మెరుగేమీ లేదని 2017లో తేలింది. ఏ ఊరి ఆర్‌ఎంపీ దగ్గరో ఏం ఇంజెక్షనో తెలియకుండా మోకాల్లో వేయించుకునేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. దయచేసి అది మానండి.

వ్యాయామాలు పెద్ద కష్టమైనవి కావు. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద మడత పెట్టిన టవల్ ఉంచి, తొడ బిగించి టవల్‌ని కిందికి నొక్కి పట్టుకోవాలి. ఐదు నుంచి పది సెకన్లు, పదిసార్లు. పడుకుని కాలు తిన్నగా జానెడు పైకెత్తి ఆపాలి. పక్కకు తిరిగి పడుకుని పై కాలు లేపాలి, ఇది తుంటి పక్క కండరానికి. కొంచెం బలం వచ్చాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదట కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాటికి పాత స్థితికి వస్తే చాలు. మర్నాడు ఇంకా ఎక్కువైతే సగానికి తగ్గించి చెయ్యాలి, మానెయ్యకూడదు. మన ఆడవాళ్లు చేసేది ఏమిటంటే "రోజంతా ఇంటిపని చేస్తాను గదా, అదే వ్యాయామం" అంటారు. ఇంటిపనిలో కీలు అలిసిపోతుంది, తొడ కండరానికి మాత్రం కావలసిన బలం రాదు.

బరువు తగ్గితే ఎంత లాభమో చాలామందికి తెలియదు. కిలో బరువు తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. ఐదు కిలోలు తగ్గితే ఇరవై కిలోలు. కొత్తపట్నం దగ్గర చేపలమ్మే ఒకావిడ ఇంజెక్షన్‌కి డబ్బుల్లేక వ్యాయామమే గతి అని మొదలుపెట్టింది. రాత్రి అన్నం సగానికి తగ్గించింది, గంప నెత్తిన పెట్టుకోవడం మానేసి బండి మీద అమ్మడం మొదలుపెట్టింది. మెట్లెక్కితే ఇప్పటికీ నొప్పే, కానీ బిళ్ల మింగకుండా రోజు గడుస్తోంది. ఆమెను చూపించి నేను చాలామందిని ఒప్పించాను.

ఇంట్లో మార్పులు: కింద కూర్చోవడం మానాలి, బాత్రూమ్‌లో ఎత్తు కమోడ్ పెట్టించాలి, కూరగాయలు కుర్చీలో కూర్చుని తరగాలి. చేతికర్ర ఏ మోకాలు నొప్పో దానికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. మీ అమ్మగారికి కుడి మోకాలు కాబట్టి ఎడమ చేతిలో. కర్ర పట్టుకుంటే ముసలిదాన్నైపోయానంటారని సిగ్గుపడతారు. మీరు నెమ్మదిగా ఒప్పించాలి.

పీఆర్‌పీ వేయించాలనే నిర్ణయించుకుంటే

మీ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, కాలవకు నీళ్లు వదిలినప్పుడే దుక్కి చేసుకుని నారు వేసుకోవాలి. ఇంజెక్షన్ తర్వాత నొప్పి తగ్గే ఆ ఆరు నెలలూ అలాంటివే. ఆ సమయంలో కండరం గట్టిపరుచుకున్నవాళ్లు తర్వాత కూడా నిలబడతారు. తగ్గింది కదా అని మర్నాటి నుంచే కింద కూర్చుని పచ్చళ్లు పెట్టినవాళ్లు, తిరుమల మెట్లెక్కినవాళ్లు త్వరగా మళ్లీ నా దగ్గరికొస్తారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మొక్కు ఉంటే ఉంది, కొంతకాలం బస్సులో వెళ్లి దణ్ణం పెట్టుకోవచ్చు. ఎక్కడంకన్నా దిగడమే మోకాలికి ఎక్కువ కష్టం.

డాక్టరుగారిని అడగాల్సినవి: మూడూ తప్పనిసరా, లేక ఒకటి వేసి రెండు నెలలు చూద్దామా? మొత్తం ఖర్చు ఎంత? మన వైపు ఒక్కో ఇంజెక్షన్‌కి ఐదారు వేల నుంచి ఇరవై వేల దాకా కట్టినవాళ్లు నాకు తెలుసు, కాబట్టి రెండు మూడు చోట్ల కనుక్కోండి. స్కానింగ్‌లో చూస్తూ వేస్తారా? తయారీ గదీ సూదులూ శుభ్రంగా ఉంటాయా, కిట్ మన ముందే విప్పుతారా? పని చెయ్యకపోతే తర్వాత దారేమిటి? ఈ ప్రశ్నలకు మంచి డాక్టరు విసుక్కోరు. ఓపిగ్గా చెప్పినవాళ్ల దగ్గరే వేయించండి. రెండు మోకాళ్లకీ ఒకేరోజు వేయించుకుంటే మొదటి వారం మంచం దిగడం కష్టం, ఇంట్లో తోడు లేకపోతే ఒకదాని తర్వాత ఒకటి వేయించడం మంచిది. బస్సులో ఒంటరిగా తిరిగి పంపించకండి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన లక్షణాలు: ఇంజెక్షన్ తర్వాత మోకాలు ఎర్రగా, వేడిగా బాగా ఉబ్బడం, చలిజ్వరం, కాలు అంగుళం కూడా కదపలేకపోవడం. ఇది అరుదు, కానీ కీలులో చీము పడితే గంటలు కూడా ముఖ్యమే. పొద్దున్న చూద్దాంలే అనుకోకూడదు. పిక్క వాచి నొప్పి పుట్టినా చూపించాలి.

ఆపరేషన్ గురించి కూడా భయం పెట్టుకోకండి. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, ఇంట్లో నడవడమే కష్టం, కాలు వంకరపోవడం, ఇవన్నీ వచ్చి వ్యాయామం, మందులు చాలనప్పుడు మోకీలు మార్పిడి మంచి వైద్యమే. మీ అమ్మగారు ఆ స్థితిలో ఉన్నారో లేదో మీరు రాసినదాన్ని బట్టి చెప్పలేను.

వీలైతే ఈ వివరాలు రాయండి: ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, అమ్మగారి బరువూ ఎత్తూ, షుగరు మూడు నెలల సగటు ఎంత, మోకాలు పూర్తిగా చాపగలుగుతున్నారా, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా, రోజూ వాడే మందులేమిటి. అవి చూస్తే వ్యాయామాల్లో ఏది ముందు మొదలుపెట్టాలో, ఎన్నిసార్లు చెయ్యాలో చెప్పగలను. ఇంజెక్షన్ తేదీ ఇప్పటికే తీసుకుని ఉంటే ఆ సంగతి కూడా రాయండి, ఆ వారం ఆపాల్సిన బిళ్లలు ఏవో మీ డాక్టరుగారిని అడగడానికి ఒక జాబితా తయారుచేసి ఇస్తాను.